క్రౌన్‌లో ఏ ఆయిల్ పోయాలి? డెల్టా బండ్లకు నంబరు ఒక్కటే చాలదు

గోదావరి డెల్టాలో అమలాపురం, రావులపాలెం, భీమవరం, ఏ ఊరి ఆయిల్ షాపులోనైనా వినిపించే మాట ఒకటుంది: "తొంభై గేర్ ఆయిల్ రెండు లీటర్లివ్వండి." ఈ మాటలో కావలసిన సమాచారం సగమే ఉంది. 90 అన్నది ఆయిల్ చిక్కదనం చెప్పే నంబరు. క్రౌన్ అంటే చక్రాల ఇరుసు మధ్య ఉండే పెద్ద గేరు. దాని పళ్ల మధ్య ఒత్తిడికి ఆ ఆయిల్ నిలబడుతుందా లేదా అన్నది ఆ నంబరు చెప్పదు. దానికి డబ్బా మీద వేరే గుర్తు ఉంటుంది: జీఎల్-4, జీఎల్-5. ఒకే కంపెనీ ఒకే 90 నంబరుతో రెండు రకాలూ అమ్ముతుంది. డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి, ఆయిల్ రంగు కూడా ఇంచుమించు ఒకటే. ఏది కావాలో మీరు చెప్పకపోతే చేతికి అందిందే ఇస్తారు.

తారు రోడ్డు దిగని కారుకు ఈ తేడా చాలాకాలం బయటపడకపోవచ్చు. లంక ఇసుకలో, చెరువు గట్ల మీద, వరద తీసిన బురదలో తిరిగే థార్, గూర్ఖా, జిప్సీ, బొలెరో, స్కార్పియోలకు మాత్రం బయటపడుతుంది. పైగా డెల్టాలో ఈ రెండు గుర్తులకన్నా బండిని ఎక్కువగా దెబ్బతీసేది ఇంకొకటుంది. అది నీళ్లు. ఖరీదైన సింథటిక్ పోసినా, నీళ్లు చేరితే అది ఆయిల్‌గా పనికిరాదు. ఎంపిక గురించి ముందు చూద్దాం, నీళ్ల సంగతి తర్వాత వివరంగా.

పళ్లు దొర్లవు, జారతాయి

వెనక చక్రాలతో నడిచే బండ్లలో, 4×4 బండ్లలో యాక్సిల్ (చక్రాల ఇరుసు) మధ్య ఉండే గేర్ జతను మెకానిక్కులు క్రౌన్-పినియన్ అంటారు. సాంకేతికంగా ఇది హైపాయిడ్ గేర్. ఇంజన్ వైపు నుంచి తిరిగే చిన్న గేరు పినియన్. అది సరిగ్గా క్రౌన్ వీల్ మధ్యకు ఎదురుగా కూర్చోదు, కొంచెం కిందికో పైకో జరిగి ఉంటుంది. అలా జరపడం వల్ల పినియన్ లావుగా చేసుకోవచ్చు, చప్పుడు తగ్గుతుంది, షాఫ్టు కిందికి దిగుతుంది. దీనికి చెల్లించే మూల్యం ఏమిటంటే, పన్ను పన్ను మీద దొర్లడంతో పాటు పొడవునా రాసుకుంటూ జారుతుంది. ఆ జారుడు పళ్ల మధ్య ఆయిల్‌ను తుడిచేస్తూ ఉంటుంది.

వేగంగా తిరుగుతున్నప్పుడు పళ్లు తమ మధ్యకు ఆయిల్‌ను లాక్కుని ఒక పొరను నిలబెట్టుకుంటాయి. నెమ్మదిగా తిరిగినప్పుడు ఆ పొర సరిగ్గా ఏర్పడదు. ఇసుకలో జరిగేది ఇదే. లెక్క చూడండి. ఇంజన్ టార్క్ (తిప్పే బలం) 300 న్యూటన్ మీటర్లు, మొదటి గేర్ నిష్పత్తి 4, లో-రేంజ్ (4×4 బండ్లలో వేగం తగ్గించి లాగుడు పెంచే అదనపు గేరు) 2.5 అనుకుందాం. రాపిడి నష్టాలు పక్కన పెడితే పినియన్ మీద పడే బలం 300 × 4 × 2.5, అంటే 3000 న్యూటన్ మీటర్లు. హైవే మీద నిష్పత్తి 1:1 ఉన్న గేరులో అదే ఇంజన్ ఎంత లాగినా పినియన్ మీద 300కి మించదు. అంటే లంకలో దిగబడిన బండిని లో-రేంజ్‌లో లాగేటప్పుడు పళ్ల మీద బరువు పది రెట్లు, తిరిగే వేగం నామమాత్రం.

ఆ క్షణాన చిక్కదనం పెద్దగా కాపాడదు. కాపాడేది ఆయిల్‌లో కలిపిన గంధకం-భాస్వరం రసాయనాలు. పళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట పుట్టే వేడికి ఇవి ఇనుముతో చర్య జరిపి లోహం మీద సన్నని పొర కడతాయి. అరిగేది ఆ పొర, మళ్లీ కట్టుకునేదీ అదే. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే వచ్చే ఘాటు వాసన గంధకానిదే. ఆ వాసన ఉందని ఆయిల్ పాడైనట్టు కాదు. మాడు వాసన వస్తే మాత్రం అనుమానించాలి.

నాలుగా, ఐదా

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, ఇచ్చిన గుర్తులే ఈ జీఎల్‌లు. 1, 2, 3, 6 వాడుకలోంచి పోయాయి. బజారులో మిగిలినవి 4, 5. హైపాయిడ్ యాక్సిల్ కోసం తయారైంది జీఎల్-5. ఒత్తిడి తట్టుకునే రసాయనాలు ఇందులో జీఎల్-4కు దాదాపు రెట్టింపు ఉంటాయి. జీఎల్-4 ముఖ్యంగా గేర్‌బాక్సుకు.

క్రౌన్‌లో జీఎల్-4 పోస్తే మొదటి రోజే ఏమీ కాదు. అదే తిప్పలు. రోడ్డు మీద నెలల తరబడి నిక్షేపంగా తిరుగుతుంది. ఒక్కసారి పది బస్తాల మేతతో గట్టు మీద దిగబడి, లో-రేంజ్‌లో అరగంట లాగిన రోజున పళ్ల మీద గీతలు పడతాయి. ఆ గీతలు పెరుగుతాయే కానీ మానవు. ఒకటి రెండు నెలల తర్వాత యాక్సిలరేటర్ తొక్కినప్పుడు సన్నగా ఊళ మొదలవుతుంది.

తిరగేసి చేసే తప్పు కూడా డెల్టాలో ఎక్కువే. "ఐదు నంబరు మంచిదట కదా" అని గేర్‌బాక్సులో కూడా జీఎల్-5 పోస్తారు. గేర్‌బాక్సులో సింక్రోనైజర్ రింగులు చాలా బండ్లకు ఇత్తడివి. గేరు పడేటప్పుడు ఆ రింగు కోన్ మీద రాసుకుని పట్టు తెచ్చుకోవాలి. జీఎల్-5లోని రసాయనాలు ఆ పట్టును జారుడు చేస్తాయి. ఇత్తడి మీద కట్టిన రసాయన పొర ఊడేటప్పుడు కాస్త లోహాన్ని కూడా పట్టుకుపోతుంది. రెండో గేరు, మూడో గేరు మొరాయించడం, కిర్రుమనడం అక్కడినుంచే. మాన్యువల్‌లో గేర్‌బాక్సుకు జీఎల్-4 అని రాసి ఉంటే జీఎల్-4 మాత్రమే పోయాలి. ఎంటీ-1 అని గుర్తున్న ఆయిల్ కూడా సింక్రోనైజర్లు లేని భారీ వాహనాల గేర్‌బాక్సుల కోసం తయారైంది, కారు గేర్‌బాక్సుకు కాదు.

ఆయిల్ పోసే మూడో గది ట్రాన్స్‌ఫర్ కేస్, 4×4 బండ్లలో ఇంజన్ బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె. కొన్ని బండ్లలో అది గేర్‌బాక్సు ఆయిలే కోరుతుంది, కొన్నింటిలో ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ కోరుతుంది. ముందు చక్రాలతో మాత్రమే నడిచే చిన్న కార్లకు ఈ గొడవ లేదు. వాటి డిఫరెన్షియల్ (మలుపుల్లో రెండు చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల కూర్పు) గేర్‌బాక్సులోనే ఉంటుంది, ఆయిల్ కూడా అదే.

90, 140 నంబర్ల భ్రమ

ఇంజన్ ఆయిల్ 40, గేర్ ఆయిల్ 90 కాబట్టి గేర్ ఆయిల్ రెండింతలు చిక్కన అనుకుంటారు. రెండు కొలతలూ వేరు. గేర్ ఆయిల్ నంబర్లకు వాహన ఇంజనీర్ల సంస్థ ఎస్ఏఈ ఇచ్చిన జే306 ప్రమాణం ఉంది. దాని ప్రకారం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 90 నంబరు ఆయిల్ చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల (చిక్కదనం కొలిచే యూనిట్) మధ్య ఉండాలి. ఇంజన్ ఆయిల్ లెక్కలో 40 అంటే 12.5 నుంచి 16.3, 50 అంటే 16.3 నుంచి 21.9. అంటే 90 గేర్ ఆయిల్, వేడెక్కాక, 40-50 ఇంజన్ ఆయిల్ అంత చిక్కగానే ఉంటుంది. 140 మాత్రం నిజంగా చిక్కన: 24 నుంచి 32.5.

డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 75డబ్ల్యూ ఆయిల్ మైనస్ 40 డిగ్రీల దాకా, 80డబ్ల్యూ మైనస్ 26 దాకా, 85డబ్ల్యూ మైనస్ 12 దాకా కదలగలదని దాని అర్థం. భోగి మంటల పొద్దున కూడా కోనసీమలో ఆ అంకెలతో పని పడదు. లడఖ్ యాత్రకు వెళ్లే బండికి 75డబ్ల్యూ-90 అవసరం కావచ్చు. యానాం, నరసాపురం మధ్య తిరిగే బండికి 80డబ్ల్యూ-90 సరిపోతుంది.

ఇక 85డబ్ల్యూ-140. "ఎండలెక్కువ, చిక్కగా ఉంటే మంచిది" అన్న మాటలో కొంత నిజం ఉంది, కొంతే. మే నెలలో 40 దాటిన ఎండలో మంచు గడ్డలూ రొయ్యలూ నిండా వేసుకుని హైవే మీద గంటలకొద్దీ పరిగెత్తే పికప్‌కు, మాన్యువల్‌లో 140 అనుమతి ఉంటే, అది మంచి ఎంపికే. అనుమతి లేని బండిలో పోస్తే రెండు నష్టాలు. మొదటిది, క్రౌన్ వీల్ ఆ చిక్కని ఆయిల్‌ను చిలకడానికే శక్తి ఖర్చు చేసి అదనంగా వేడి పుట్టిస్తుంది. రెండోది, పినియన్ బేరింగుకు ఆయిల్ అందేది క్రౌన్ వీల్ ఎగజల్లితే ఒక చిన్న కాలువ గుండా. చిక్కన ఆయిల్ ఆ కాలువలోకి ఆలస్యంగా చేరుతుంది. కొత్త తరం టొయోటా యాక్సిళ్లకు 75డబ్ల్యూ-85 లాంటి పల్చని ఆయిల్ రాస్తారు. దాన్ని చూసి "ఇంత పల్చనా" అని భయపడి 140 పోయడం ఆ బండికి మేలు చేయడం కాదు.

ఊళ వస్తున్న పాత క్రౌన్‌లో 140 పోస్తే చప్పుడు తగ్గుతుంది. జబ్బు తగ్గదు. బండి అమ్మే ముందు కొందరు ఈ పని చేస్తారు కాబట్టి, పాత జిప్సీనో పాత స్కార్పియోనో కొనేవాళ్లు ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే రంధ్రం మూత) విప్పి వేలు పెట్టి చూడటం మంచిది.

సింథటిక్ గురించి ఒక్క మాట. వేడికి త్వరగా పాడవదు, ఎక్కువ కాలం వస్తుంది. ట్రైలర్ లాగే బండికి, హైవే తిరుగుడు ఎక్కువున్న బండికి దాని ధర గిట్టుతుంది. వర్షాకాలంలో ఏడాదికి రెండుసార్లు నీళ్లు దాటి, దాటినప్పుడల్లా ఆయిల్ మార్చుకోవలసిన బండికి మామూలు మినరల్ జీఎల్-5 కొని తరచూ మార్చడమే తెలివైన ఖర్చు.

లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటే

2020లో వచ్చిన థార్‌లో కొన్ని వేరియంట్ల వెనక యాక్సిల్‌కు మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంది. ఒక చక్రం రెండోదానికన్నా బాగా ఎక్కువ వేగంగా తిరిగితే లోపలి గవర్నర్ మేల్కొని క్లచ్ పలకలను బిగించి రెండు చక్రాలనూ కలిపేస్తుంది. గూర్ఖాలో ముందూ వెనకా డ్రైవరు వేసుకునే లాకులు ఉంటాయి. ఇవి కాక, కొన్ని బండ్లలో ఒక చక్రం వృథాగా తిరగకుండా కొంతమేర అడ్డుకునే, క్లచ్ పలకలతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటుంది.

క్లచ్ పలకల లిమిటెడ్ స్లిప్‌కు ఫ్రిక్షన్ మాడిఫైయర్ (జారుడు పెంచే రసాయనం) కలిసిన ఆయిల్ కావాలి. డబ్బా మీద ఎల్ఎస్ అనో, లిమిటెడ్ స్లిప్ అనో రాసి ఉంటుంది. అది లేకపోతే మలుపు తిరిగేటప్పుడు వెనక నుంచి గడగడమని వణుకు వస్తుంది. కానీ పట్టు మీద ఆధారపడే లాకింగ్ డిఫరెన్షియళ్లలో, హెలికల్ గేర్లతో పనిచేసే రకాల్లో ఇదే మాడిఫైయర్ హాని చేస్తుంది. పట్టాల్సిన చోట జారుతుంది, లాక్ ఆలస్యంగా పడుతుంది. లోపల క్లచ్ పలకలున్నాయి కదా అని ఊహించి పోయకూడదు. మాన్యువల్ అడిగితేనే పోయాలి. డ్రైవరు చేత్తో వేసే లాకు ఉన్న మామూలు డిఫరెన్షియల్‌కు సాదా జీఎల్-5 చాలు.

నీళ్లు లోపలికి ఎలా వెళ్తాయి

క్రౌన్ కూర్చునే యాక్సిల్ హౌసింగ్ గాలి చొరని పెట్టె కాదు. వేడెక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి పైన బ్రీదర్ అనే చిన్న దారి ఉంటుంది. చాలా బండ్లలో అది యాక్సిల్ ట్యూబ్ మీద బొటనవేలంత క్యాప్. కొన్నింటిలో చిన్న రబ్బరు గొట్టం కూడా ఉంటుంది.

రాజమహేంద్రవరం నుంచి గంటన్నర నడిచి వచ్చిన బండి హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. 75 డిగ్రీలు అనుకుందాం. దాన్ని తిన్నగా 30 డిగ్రీల నీళ్లలోకి దింపారు. లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఈ ఉష్ణోగ్రతల తేడాకు గాలి ఘనపరిమాణం ఎనిమిదో వంతు దాకా తగ్గుతుంది. హౌసింగులో, ట్యూబుల్లో కలిపి నాలుగు లీటర్ల గాలి ఉంటే అర లీటరు ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని నింపడానికి హౌసింగ్ ఏదో ఒకటి పీలుస్తుంది. బ్రీదర్ నీళ్లలో ఉంటే నీళ్లనే పీలుస్తుంది. బ్రీదర్ బురదతో మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ల అంచుల గుండా పీలుస్తుంది. ఆ సీళ్లు లోపలి ఆయిల్‌ను ఆపడానికి చేసినవి, బయటి నీళ్లను ఆపడానికి కాదు.

బురదతో మూసుకున్న బ్రీదర్ ఎండలో ఎదురు పని చేస్తుంది. వేడెక్కిన గాలికి దారి లేక సీళ్లను తోస్తుంది, ఆయిల్ కారి వెనక బ్రేక్ డ్రమ్ములోకి చేరుతుంది. సీల్ మార్చిన నెలకే మళ్లీ కారుతోందంటే సీల్ నాణ్యతను తిట్టే ముందు బ్రీదర్ క్యాప్ చేత్తో తిరుగుతోందో లేదో చూడాలి.

డెల్టాలో నీళ్లు రెండు రకాలు, రెండింటి హానీ వేరు. వరద నీరు తియ్యనిదే, కానీ ఒండ్రు మోసుకొస్తుంది. వరద వచ్చినప్పుడల్లా మునిగే కనకాయలంక కాజ్‌వే లాంటి చోట్ల దాటే బండ్లలోకి నీళ్లతో పాటు సన్నని ఇసుక పొడి వెళ్తుంది. అది బేరింగులను సానబెడుతుంది. రెండోది ఉప్పునీరు: రొయ్యల చెరువులు, ఉప్పుటేరు, ఓడలరేవు, అంతర్వేది వైపు పోటు ఎక్కే కాలువలు. ఉప్పు నీళ్లు చేరిన బండిని కదపకుండా వారం నిలబెడితే బేరింగ్ రోలర్ల మీద తుప్పు మచ్చలు పడతాయి. ఆ మచ్చలే తర్వాత గుంటలవుతాయి. ఆయిల్ మార్చినా గుంటలు పోవు. పైగా నీళ్లు ఆ గంధకం-భాస్వరం రసాయనాలతో కలిసి ఆమ్లాలు పుట్టిస్తాయి. ఏ జీఎల్-5 కోసం డబ్బు పెట్టామో దాన్నే పనికిరాకుండా చేస్తాయి.

కాబట్టి తియ్యని నీళ్లలో హబ్బుల (చక్రాల మధ్య భాగం) దాకా మునిగితే రెండు మూడు రోజుల్లో పరీక్షించాలి. ఉప్పునీళ్లలో మునిగితే అదే రోజు, మహా అయితే మర్నాడు.

పరీక్ష ఇలా. బండిని రాత్రంతా కదపకుండా నిలపండి. పొద్దున హౌసింగ్ అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్‌ను పూర్తిగా విప్పకుండా వదులు చేసి, కారే మొదటి చుక్కలు గాజు గ్లాసులో పట్టండి. నీరు బరువు కాబట్టి కలవని నీళ్లు ముందు వస్తాయి. బండి నడిచి నీళ్లు ఆయిల్‌లో చిలికి కలిసిపోతే విడిగా రావు. అప్పుడు ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటుంది. రంగు చూసి తేల్చలేనంత కొంచెం నీళ్లుంటే పాత ఇనప పెనం బాగా వేడి చేసి ఒక్క చుక్క వేయండి. నీళ్లుంటే చిటపటలాడుతుంది, లేకపోతే మెల్లగా పొగ వస్తుంది. ఇది ఆరుబయట, కళ్లజోడు పెట్టుకుని చేయవలసిన పని. ఆ పెనం మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు.

బ్రీదర్ పైకి ఎత్తడం

నీళ్లు దాటే బండికి ఇంతకన్నా చవకైన మంచి పని లేదు. కావలసినవి: ఆయిల్, పెట్రోలు తట్టుకునే నైట్రైల్ రబ్బరు గొట్టం, నిపుల్ లావును బట్టి 6 లేదా 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో, క్లిప్పులు, జిప్ టైలు, చివర పెట్టడానికి బైకుల్లో వాడే చిన్న పెట్రోల్ ఫిల్టర్. ఆక్వా షాపుల్లో చవగ్గా దొరికే పారదర్శక ప్లాస్టిక్ గొట్టం వద్దు. ఆయిల్ ఆవిరికీ వేడికీ గట్టిపడి చీలిపోతుంది, లేకపోతే మలుపు దగ్గర మడత పడి మూసుకుంటుంది.

బ్రీదర్ చుట్టూ ఉన్న బురదను ముందు నీళ్లతో, బ్రష్‌తో పూర్తిగా తీయాలి. క్యాప్ విప్పాక చుట్టూ ఉన్న ఇసుక రేణువు ఒక్కటి జారినా తిన్నగా క్రౌన్‌లోకే. క్యాప్ తీసి గొట్టం తొడిగి క్లిప్ బిగించాలి. కొన్ని బండ్లలో క్యాప్ మరతో ఉంటుంది, దాని బదులు అదే మర ఉన్న నిపుల్ వేసుకోవాలి. గొట్టాన్ని బ్రేక్ పైపు వెంబడి ఛాసిస్ మీదికి తెచ్చి, ముందు యాక్సిల్‌దైతే ఇంజన్ గది పై అంచుదాకా, వెనకదైతే టెయిల్ ల్యాంప్ ఎత్తుకు తీసుకెళ్లాలి. సైలెన్సర్‌కు దూరంగా ఉండాలి. దారి పొడవునా ఎక్కడా కిందికి వేలాడే మలుపు ఉండకూడదు. అక్కడ నీటి చుక్కలు చేరి గొట్టాన్ని మూసేస్తాయి.

ఛాసిస్‌ను జాకీతో ఎత్తి చక్రం పూర్తిగా వేలాడనిచ్చి, ఆ స్థితిలో గొట్టం బిగుసుకోవడం లేదని చూశాకే జిప్ టైలు బిగించాలి. ఇది మరిచిపోతే మొదటి గుంటలోనే గొట్టం ఊడుతుంది, ఊడిందని తెలియదు కూడా. చివర ఫిల్టర్ నోరు కిందికి ఉండాలి. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసులకు కూడా బ్రీదర్లుంటాయి. వాటికి విడివిడి గొట్టాలే మేలు.

బ్రీదర్ ఎత్తినా సీళ్ల దగ్గర ప్రమాదం మిగిలే ఉంటుంది. చెరువు గట్ల మీద పడి ఉండే నైలాన్ వల పోగులు, బస్తా దారాలు పినియన్ షాఫ్టుకూ హబ్బులకూ చుట్టుకుని సీల్ అంచును కోసేస్తాయి. ఎండుగడ్డి కూడా చుట్టుకుంటుంది కానీ నైలాన్ అంత చెడ్డది కాదు. గట్టు దిగాక కిందికి వంగి పినియన్ మెడ దగ్గర ఒకసారి చూడటానికి నిమిషం పట్టదు. జిప్సీలో ఇంకో సంగతి ఉంది. ముందు యాక్సిల్ చివర్లు గుండ్రని పిడికిళ్లలా మూసి ఉంటాయి, లోపల గ్రీజు ఉంటుంది. లోపలి సీల్ పోతే గేర్ ఆయిల్ ఆ గ్రీజులోకి చేరి పల్చని జావలా చక్రం లోపలివైపు కారుతుంది. బయటికి చుక్క కారకుండానే క్రౌన్‌లో ఆయిల్ తగ్గిపోతోందంటే ముందు అక్కడ చూడాలి.

మార్చే పని

పది కిలోమీటర్లు నడిపి ఆయిల్ గోరువెచ్చగా అయ్యాక, సమతలం మీద నిలపండి. అన్నిటికన్నా ముందు ఫిల్లర్ ప్లగ్ విప్పండి, డ్రెయిన్ ప్లగ్ కాదు. తుప్పు పట్టి ఫిల్లర్ ప్లగ్ రాకపోతే, పాత ఆయిల్ తీసేసిన బండి కదలని బండి అవుతుంది. డెల్టా తేమకు ఈ ప్లగ్గులు పట్టేయడం మామూలే. ముందురోజు తుప్పు వదిలించే ద్రవం కొట్టి ఉంచితే సులువు.

డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దాని మీద ఉన్నది చదవాలి. మెత్తటి బూడిద రంగు పేస్టు సహజమైన అరుగుదల. మెరిసే పలుకులు, గోరంత ముక్కలు కనిపిస్తే ఆయిల్ మార్చి సరిపెట్టుకోకుండా హౌసింగ్ విప్పించాలి. ఎర్రటి తుప్పు రంగు పేస్టు నీళ్ల గుర్తు.

ఆయిల్ పూర్తిగా కారడానికి పావుగంట పైనే ఇవ్వండి. వాషర్లు కొత్తవి వేయండి, డ్రెయిన్ ప్లగ్ బిగించి, చేతిపంపుతో ఫిల్లర్ రంధ్రం కింది అంచుదాకా నింపండి. అయిదు నిమిషాలు ఆగితే ఆయిల్ యాక్సిల్ ట్యూబుల్లోకి పాకి మట్టం తగ్గుతుంది. మళ్లీ అంచుదాకా పోసి, పొంగడం ఆగాక ప్లగ్ బిగించండి. బండి ముక్కు ఎత్తుగా నిలిపి "ఇంకో పావు లీటరు పడుతుంది" అని ఎక్కువ పోస్తే నురగ కడుతుంది, సీళ్ల దగ్గర కారుతుంది. ఎంత పడుతుందో మాన్యువల్‌లో ఉంటుంది. ముందుకీ వెనకకీ తేడా ఉంటుంది, ఉదాహరణకు జిప్సీకి ముందు సుమారు 2 లీటర్లు, వెనక సుమారు లీటరున్నర.

నీళ్లు చేరిన బండికి ఒక్కసారి మార్చితే చాలదు. ట్యూబుల మూలల్లో, బేరింగుల వెనక పాల రంగు ఆయిల్ మిగిలిపోతుంది. చవకరకం 80డబ్ల్యూ-90 జీఎల్-5 నింపి పది ఇరవై కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, వేడిగా ఉండగానే తీసేయండి. అది స్వచ్ఛంగా వస్తే అసలు ఆయిల్ పోయండి, ఇంకా తెల్లగా ఉంటే మరోసారి చేయండి. చాలా షెడ్డుల్లో డీజిలో కిరసనాయిలో పోసి కడుగుతారు. అది లోపలి ఒండ్రును లేపి బేరింగుల్లోకి తోస్తుంది, ట్యూబుల్లో మిగిలినది కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది. ఒద్దని చెప్పి, ఫ్లషింగ్‌కు ఆయిల్ డబ్బా మీరే తీసుకెళ్లడం మేలు.

మామూలు వాడకానికి మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లలో సగానికే మార్చడం ఇసుక, బురద, బరువు మోసే బండ్లకు సరైన లెక్క. వర్షాకాలం ముగిసి వరదలు తీశాక, అక్టోబరులో ఒకసారి ప్లగ్ విప్పి చూడటం అలవాటు చేసుకోండి, కిలోమీటర్లు నిండినా నిండకపోయినా.

చప్పుడు ద్వారా కొంత తెలుస్తుంది. తొక్కినప్పుడు ఊళ వచ్చి, వదిలితే మారిపోతే పళ్లో, పినియన్ బేరింగో. మలుపుల్లో మాత్రమే చప్పుడంటే లోపలి చిన్న గేర్లో, చక్రం బేరింగో. వీటిలో ఏదీ ఆయిల్ మార్చితే నయం కాదు. పళ్ల మధ్య సందు సరిచేయాలి, లేదా బేరింగ్ మార్చాలి. క్రౌన్-పినియన్ మార్చవలసి వస్తే రెండూ జతగానే మార్చాలి.

ట్రాక్టరు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. దమ్ము చేసే ట్రాక్టర్లలో చాలావాటికి గేర్లు, డిఫరెన్షియల్, హైడ్రాలిక్స్, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు అన్నీ ఒకే ఆయిల్‌లో పనిచేస్తాయి. దానికి కంపెనీ చెప్పిన ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిలే పోయాలి. జీపు కోసం తెచ్చిన జీఎల్-5 మిగిలింది కదా అని అందులో పోస్తే బ్రేకులు జారతాయి, అరుస్తాయి. కేజ్ వీల్స్‌తో ఇరుసుల దాకా బురదలో దిగే ట్రాక్టరు ఆయిల్‌లోకి నీళ్లు చేరడం జీపులకన్నా ఎక్కువ, కాబట్టి గాజు గ్లాసు పరీక్ష దానికీ చేయాలి.

ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మూత కింద సీలు, ముద్రించిన బ్యాచ్ నంబరు, జీఎల్ గుర్తు మూడూ చూడండి. డ్రమ్ము నుంచి లూజుగా కొలిచి ఇచ్చేది ఎంత చవకైనా జీఎల్-4నా 5నా తేల్చుకునే దారి లేదు. తీసిన పాత ఆయిల్‌ను అదే ఖాళీ డబ్బాల్లో నింపి, పాత ఆయిల్ కొనే అనుమతి ఉన్నవాళ్లకు చేరేలా షాపుకో వర్క్‌షాపుకో ఇవ్వండి. కాలువ గట్టున పారబోస్తే ఆ కాలువే మీ ఊరి మంచినీటి చెరువునూ, పక్కవాళ్ల రొయ్యల చెరువునూ నింపుతుంది.